భాగం – 14: రంగూన్ ఓడ ఎక్కినవారు: కోస్తా శ్రామికుల వలస, రక్షణ చట్టాల పరిధి

14.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత, కోస్తా జిల్లాల నుంచి సముద్రం దాటి వెళ్లిన శ్రామికుల వలసలో ఉన్న రెండు వేర్వేరు దారులను మీరు గుర్తించగలుగుతారు. ఒక దారికి ప్రభుత్వ రక్షణ చట్టం ఎందుకు వర్తించిందో, అంతకంటే ఎక్కువమంది నడిచిన రెండో దారికి ఎందుకు వర్తించలేదో వివరించగలుగుతారు. మేస్త్రీ వ్యవస్థ పనిచేసిన తీరును, 1930 నుంచి 1942 వరకు బర్మాలోని తెలుగు శ్రామికులకు జరిగినదాన్ని చర్చించగలుగుతారు.

14.1 ఉపోద్ఘాతం

1900 ప్రాంతంలో విశాఖపట్నం జిల్లాలోని ఒక ఊరి నుంచి ఇద్దరు అన్నదమ్ములు పని వెతుక్కుంటూ బయలుదేరారని ఊహించుకోండి. పెద్దవాడు మద్రాసు వెళ్లి, ఐదేళ్ల ఒడంబడిక మీద దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఓడ ఎక్కాడు. చిన్నవాడు భీమునిపట్నం రేవులో రంగూన్ ఓడ ఎక్కాడు. పెద్దవాడికి ఒక నంబరు ఇచ్చారు. అతని పేరు, తండ్రి పేరు, కులం, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, చివరకు ఒంటిమీది పుట్టుమచ్చ కూడా రిజిస్టరులో రాసుకున్నారు. ఒక ప్రభుత్వాధికారి అతన్ని పిలిచి, ఎక్కడికి వెళుతున్నాడో, ఎంత కూలికి వెళుతున్నాడో తెలుసా అని అడిగాడు. చిన్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. అతని చేతిలో ఉన్నది డెక్కు టిక్కెట్టు ఒక్కటే. దాన్ని కొన్నది కూడా మేస్త్రీయే.

వీరిద్దరి మధ్య ఈ తేడా ఎందుకు వచ్చింది? చట్టం లెక్కలో పెద్దవాడు దేశం విడిచి వెళ్లిన 'ఎమిగ్రెంట్'. చిన్నవాడు సముద్రం దాటినా దేశం దాటలేదు. 1826, 1852, 1885లలో మూడు యుద్ధాల ద్వారా బ్రిటిష్ వారు ఆక్రమించిన బర్మా 1937 మార్చి నెలాఖరు వరకు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాబట్టి భీమునిపట్నం నుంచి రంగూన్ వెళ్లడం, చట్టం దృష్టిలో, భీమునిపట్నం నుంచి మద్రాసు వెళ్లడం లాంటిదే.

పాఠ్యగ్రంథాలు సాధారణంగా 'ప్రవాస భారతీయుల చరిత్ర' అనగానే మారిషస్, ఫిజీ, నేటాల్, ట్రినిడాడ్ గురించి చెబుతాయి. సంఖ్యలు చూస్తే తెలుగువారి విషయంలో ఇది కొంత తలకిందులైన చిత్రం. 1860 నుంచి 1911 వరకు, 51 ఏళ్లలో, నేటాల్‌కు వెళ్లిన ఒడంబడిక కూలీలు అన్ని ప్రాంతాలవారూ కలిసి సుమారు లక్షా 52 వేలు. 1920ల చివరలో ఒక్క ఏడాదిలోనే మూడు లక్షలకు పైగా భారతీయులు బర్మాలో దిగేవారు; దాదాపు అంతే పెద్ద సంఖ్యలో తిరిగి వచ్చేవారు. వారిలో తెలుగు శ్రామికుల వాటా చాలా పెద్దది. అందుకే ఈ భాగంలో మనం ఎక్కువ సమయం చిన్నవాడి వెంటే నడుద్దాం.

14.2 ఒడంబడిక వలస: సంరక్షణాధికారి ఎలా వచ్చాడు?

బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834 ఆగస్టు 1న బానిసత్వ నిషేధం అమలులోకి వచ్చింది. అదే ఏడాది నవంబరులో భారతీయ కూలీలు మారిషస్‌లో దిగారు. మోసపుచ్చి, బలవంతంగా పంపుతున్నారన్న ఆరోపణలు ఎంత త్వరగా వచ్చాయంటే, 1838–39లో ఈ వలసనే ఆపివేయవలసి వచ్చింది. 1842లో మారిషస్‌కు మళ్లీ అనుమతించినప్పుడు ప్రభుత్వం కొన్ని షరతులు పెట్టింది. కాలక్రమంలో వీటి నుంచే లైసెన్సు ఉన్న రిక్రూటరు, మేజిస్ట్రేటు ఎదుట నమోదు, రేవులో డిపో, ఓడలో వైద్యుడు, ఒక్కో మనిషికి ఇంత చోటు అన్న నియమం, వీటన్నిటినీ చూసే 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అనే సంరక్షణాధికారి ఏర్పడ్డారు. 1864, 1871, 1883, 1908 చట్టాలు ఈ ఏర్పాటును విస్తరించాయి.

ఈ రక్షణ నిజంగా రక్షించిందా? చాలా సందర్భాలలో లేదనే చెప్పాలి. పని మానితే జైలుకు పంపే నిబంధన ఒడంబడికలోనే ఉండేది. సంరక్షణాధికారి జీతం తీసుకునే ప్రభుత్వం, కూలీల కోసం తొందరపడే తోటల యజమానులు ఒకే సామ్రాజ్యంలో భాగం. 'అగ్రిమెంట్' అనే మాట కూలీల నోట 'గిర్మిట్' అయి, నిర్బంధానికి మారుపేరుగా మిగిలింది. 1912లో గోఖలే కేంద్ర శాసనమండలిలో ఈ పద్ధతిని రద్దు చేయాలని తీర్మానం పెడితే అది ఓడిపోయింది. 1917లో యుద్ధకాలపు ఉత్తర్వుతో ఓడలు ఆగాయి. 1920 నాటికి ఫిజీలో మిగిలిన ఒడంబడికలు కూడా రద్దయ్యాయి.

అయినా ఒక సంగతి గమనించండి. గోఖలే గాని, ఫిజీ వెళ్లి విచారించిన సి.ఎఫ్. ఆండ్రూస్ గాని ఈ పద్ధతిని ఎదిరించడానికి వాడుకున్నది ప్రభుత్వం రాసుకున్న లెక్కలనే. ఎంతమంది చనిపోయారు, ఎంతమంది ఆత్మహత్య చేసుకున్నారు, ఎంతమందిని శిక్షించారు అన్నది రిజిస్టర్లలో ఉంది. ఆ రిజిస్టర్లు కూలీని అదుపులో పెట్టడానికి పుట్టినవే, కానీ అతని తరఫున సాక్ష్యం కూడా అయ్యాయి. మారిషస్‌లో మోకా అనే చోట మహాత్మా గాంధీ సంస్థలో ఆ పత్రాలు నేటికీ ఉన్నాయి. అక్కడి తెలుగు కుటుంబాలవారు తమ ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో వెతుక్కోగలుగుతున్నారు.

14.3 రంగం దారి

ఉత్తరాంధ్రలో పాతతరం వారి నోట రంగూన్ పేరు 'రంగం'. "రంగం వెళ్లాడు" అంటే సంపాదనకు వెళ్లాడని అర్థం. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి గోపాలపూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల మీదుగా వీరు వెళ్లేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నవంబరు తుపానుతో అది దెబ్బతిన్నది. కానీ పేరు మిగిలింది: బర్మాలో తెలుగు కూలీలందరినీ 'కోరంగీలు' అనేవారు. ఊరి పేరు మెల్లగా వెక్కిరింపు మాటగా మారింది.

ఈ వలసకు రెండు వైపులా కారణాలున్నాయి. 1852 తరువాత దిగువ బర్మాలో ఇరావతి డెల్టా అడవులు నరికి వరి సాగు మొదలుపెట్టారు. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో బియ్యం ఎగుమతి మరింత పెరిగింది. అక్కడ భూమి ఎక్కువ, మనుషులు తక్కువ. ఇటువైపు, గంజాం, విశాఖపట్నం జిల్లాలలో జమీందారీ శిస్తులు, వానమీద ఆధారపడిన చిన్న కమతాలు, 1866లోనూ 1889లోనూ కరవులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో పంట పెరిగిన మాట నిజమే. అయితే భూమిలేని కూలీకి అక్కడ కూడా పని ఏడాదిలో కొన్ని నెలలే దొరికేది. కరవు ప్రాంతం నుంచే మనుషులు వెళతారన్న సాధారణ అభిప్రాయానికి గోదావరి జిల్లా ఒక దిద్దుబాటు.

మూడు నాలుగు రోజుల సముద్ర ప్రయాణం. కార్తీక మార్గశిరాలలో ఓడ ఎక్కి, బర్మాలో వరికోతలు ముగించి, ఆ తరువాత రంగూన్ బియ్యం మిల్లులలో బస్తాలు మోసి, వేసవిలో తిరిగి రావడం ఒక పద్ధతి. రెండు మూడేళ్లు అక్కడే ఉండి రావడం ఇంకో పద్ధతి. రేవులో సరుకు ఎత్తడం, సంపాన్ పడవలు నడపడం, రిక్షా లాగడం, పారిశుధ్య పనులు వీరి చేతిలో ఉండేవి. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షల 17 వేలకు పైగా. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైగా. అదే ఏడాది రంగూన్ నగర జనాభా సుమారు 4 లక్షలు కాగా, అందులో సగానికి పైగా భారతీయులే.

వెళ్లినవారందరినీ మోసపోయినవారుగా చూడటం సరికాదు. చాలామంది ఇంటి అప్పు తీర్చారు, చెల్లెలి పెళ్లి చేశారు, ఎకరమో అరెకరమో కొన్నారు. మళ్లీ మళ్లీ వెళ్లారంటే అందులో వారికి లాభం కనబడింది. సమస్య వెళ్లడంలో లేదు. వెళ్లినవాడికి అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలన్న దానిలో ఉంది.

14.4 మేస్త్రీ వ్యవస్థ

మేస్త్రీ సాధారణంగా అదే ప్రాంతంవాడు, ఒక్కోసారి అదే కులంవాడు, దూరపు చుట్టం. ఊరికి వచ్చి కుటుంబానికి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ టిక్కెట్టు, దారి బత్తెం అతనివే. రంగూన్‌లో దిగాక పడుకోవడానికి చోటు చూపేది అతనే, తిండి పెట్టేది అతనే, పనిలో పెట్టేది అతనే. ఇదంతా కూలీ పేరున అప్పుగా పెరిగేది.

కూలి డబ్బు ప్రయాణం ఇంకా పొడవైనది. మిల్లు యజమాని లేదా ఓడ సరుకు కంపెనీ టన్ను లెక్కన కాంట్రాక్టరుకు ఇచ్చేది. కాంట్రాక్టరు నుంచి పెద్ద మేస్త్రీకి, అతని నుంచి ముఠా మేస్త్రీకి, అక్కడి నుంచి కూలీకి. ప్రతి మెట్టు దగ్గర కొంత తరుగు. చేతికి వచ్చేసరికి అసలు కూలి ఎంతో పని చేసినవాడికే తెలిసేది కాదు. కూలి ఎగ్గొట్టారని అడిగితే మిల్లువాడు "నేను కాంట్రాక్టరుకు ఇచ్చేశాను" అనేవాడు. కాంట్రాక్టరు మేస్త్రీని చూపేవాడు. మేస్త్రీ అప్పు లెక్క చూపేవాడు. యజమాని ఎవరో తేలని చోట హక్కు ఎవరిమీద అడగాలి? 1929లో నియమించిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ రంగూన్‌కు కూడా వెళ్లి, 1931 నివేదికలో ఈ మధ్యవర్తుల దొంతరను, కూలీల బసగదులలోని కిక్కిరిసిన స్థితిని నమోదు చేసింది.

అడ్వాన్సు ఇచ్చినవాడి వైపు మాత్రం చట్టం లేకపోలేదు. అడ్వాన్సు తీసుకుని పని వదిలిపోయిన కూలీని మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టి, పనిలోకి పంపడానికి లేదా జైలులో పెట్టడానికి వీలిచ్చే చట్టం బ్రిటిష్ ఇండియాలో 1859లోనే వచ్చింది. దాన్ని రద్దు చేయడానికి 1925 వరకు ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు 1922 నాటి వలస చట్టం చూడండి. గిర్మిట్ అనుభవం తరువాత వచ్చిన ఈ చట్టం వెనుకటి వాటికంటే మెరుగైనది. సిలోన్, మలయాలకు కంగాణీల ద్వారా వెళ్లే శ్రామికులను కూడా ఇది తన పరిధిలోకి తెచ్చింది. ఆ దేశాలలో భారత ప్రభుత్వం తన ఏజెంట్లను నియమించి, కూలి రేట్లపై అక్కడి ప్రభుత్వాలతో బేరమాడింది. కంగాణీ, మేస్త్రీ ఒకే రకం మధ్యవర్తులు. ఒకరు తీసుకెళ్లిన కూలీకి ఏజెంటు ఉన్నాడు. మరొకరు తీసుకెళ్లిన కూలీకి లేడు. బర్మా 'మన దేశమే' కాబట్టి అక్కడ ఏజెంటు అవసరం లేదన్నది లెక్క.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
సూచన: మీ జవాబును నాలుగైదు వాక్యాలలో రాసుకొని, పై విషయంతో సరిచూసుకోండి.
1922 వలస చట్టం సిలోన్ వెళ్లే శ్రామికుడికి వర్తించి, రంగూన్ వెళ్లే శ్రామికుడికి ఎందుకు వర్తించలేదు?

14.5 ఆగ్రహం ఎవరిమీద? 1930–1941

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. అదే నెల 5న గాంధీజీ అరెస్టు కావడంతో నగరం అప్పటికే ఉద్రిక్తంగా ఉంది. ఓడ సరుకు కంపెనీలు సమ్మె విరగ్గొట్టడానికి బర్మీయ శ్రామికులను పిలిచాయి. తరువాత రాజీ కుదిరి, పాత కూలీలను తిరిగి తీసుకున్నాయి. ఈ సంగతి చెప్పేవారు లేక, మే 26 ఉదయం బర్మీయులు మామూలుగా పనికి వచ్చారు. వారి చోట తెలుగువారు ఉన్నారు. ఎగతాళితో మొదలైన గొడవ హత్యాకాండగా మారింది. కొన్ని రోజులలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తెలుగు కూలీలు. వేలమంది శిబిరాలలో తలదాచుకున్నారు. చాలామంది దొరికిన ఓడ ఎక్కి ఇంటికి వచ్చేశారు. రెండు శ్రామిక వర్గాలను ఒకదానిపైకి మరొకదాన్ని తెచ్చిన కంపెనీలకు ఏ నష్టమూ జరగలేదన్నది ఇక్కడ చెప్పుకోవాలి.

ఈ కోపానికి లోతైన కారణం ప్రపంచ ఆర్థిక మాంద్యం. బియ్యం ధర పడిపోయి, బర్మా రైతులు చెట్టియార్లకు అప్పు కట్టలేక పొలాలు పోగొట్టుకున్నారు. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాలలో చెట్టియార్ల చేతిలోని భూమి 1930లో 6 శాతం, 1937–38 నాటికి 25 శాతం. వారి బాధ నిజమైనదే. అయితే వడ్డీ వ్యాపారి మీది ఆగ్రహం, వీధిలో చేతికి దొరికే రిక్షా కూలీ మీద పడింది. 1938లో మళ్లీ అల్లర్లు జరిగినప్పుడు భారతీయ ముస్లింలు ఎక్కువగా దెబ్బతిన్నారు.

ఈలోగా 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. నిన్నటిదాకా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళుతున్నవాడు ఒక్క రాత్రిలో పరదేశి అయ్యాడు. అతను కదలలేదు, సరిహద్దే అతన్ని దాటింది. ఇప్పుడైనా రక్షణ చట్టం అతనివైపు చూసిందా? రంగూన్‌లో భారత ప్రభుత్వ ఏజెంటును నియమించారు. కానీ పెద్ద చర్చ అంతా వలసను ఎలా తగ్గించాలన్న దానిపైనే నడిచింది. 1939లో జేమ్స్ బాక్స్టర్‌ను ఈ విషయం విచారించడానికి నియమించారు. భారతీయ శ్రామికులు బర్మీయులను పనుల నుంచి తొలగించారనడానికి ఆధారం లేదని, వారు స్థానికుల శ్రమకు తోడుగానే ఉన్నారని ఆయన తేల్చారు. ఆ నివేదిక తరువాత 1941లో కుదిరిన భారత–బర్మా ఒప్పందం మాత్రం అకుశల కార్మికుల రాకను కఠినంగా కట్టడి చేసింది. గాంధీజీ దాన్ని తీవ్రంగా విమర్శించారు. రంగూన్ కూలీని 'వలసదారు'గా గుర్తించిన మొదటి పెద్ద ఏర్పాటు అతనికి తలుపు మూయడానికి వచ్చింది. యుద్ధం రావడంతో అది అమలుకాకుండానే ఆగిపోయింది.

14.6 1942: కాలినడకన

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవులో పనిచేస్తున్న కూలీలు, వీధుల్లో నిలబడి చూస్తున్నవారు పెద్ద సంఖ్యలో చనిపోయారు. వేలమంది ప్రోమ్ వైపు నడక మొదలుపెట్టారు. వారు వెళ్లిపోతే రేవు ఆగిపోతుంది, యుద్ధ సామగ్రి దిగదు. అందువల్ల అధికారులు ప్రోమ్ దగ్గర ఇరావతి దాటకుండా వారిని ఆపి, ఎందరినో వెనక్కి తిప్పారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యేసరికి ఓడదారి మూసుకుపోయింది.

మిగిలినవి కొండదారులు. టౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కు ఒకటి. తమూ మీదుగా మణిపూర్‌కు ఇంకొకటి. హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లీడోకు మరొకటి. కలరా, మలేరియా, నీళ్లు లేకపోవడం, తరువాత వాన. మణిపూర్ దారిలో యూరోపియన్లకు, ఆంగ్లో–ఇండియన్లకు ఒక మార్గం, మిగిలినవారికి కష్టమైన ఇంకో మార్గం అన్న వివక్ష దేశమంతటా ఆగ్రహం రేపింది. అస్సాం వైపు టీ తోటల సంఘం తన మనుషులతో శిబిరాలు నడిపి చాలామందిని కాపాడింది.

నాలుగైదు లక్షలమంది భారతదేశం చేరారు. దారిలో చనిపోయిన వారెందరు? పదివేలు అన్నవారున్నారు, యాభైవేలు అన్నవారున్నారు, అంతకు మించి అన్నవారూ ఉన్నారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఈ అంకెల మధ్య దూరం దగ్గర కాసేపు ఆగాలి. బయలుదేరినవారి జాబితా లేదు కాబట్టి చేరనివారి జాబితా కూడా లేదు. పెద్దన్నకు ఉన్న నంబరు చిన్నవాడికి లేదు. ఊరిలో తల్లి ఎవరిని అడగాలి? మేస్త్రీ కూడా అదే దారిలో ఉన్నాడు.

స్వతంత్ర బర్మాలో మిగిలిన భారతీయులలో సుమారు మూడు లక్షలమంది, 1962 తరువాత నెవిన్ ప్రభుత్వం దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేయడంతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వంటి పేర్లు వారి గుర్తుగా మిగిలాయి.

14.7 పరిధి అనే ప్రశ్న తరువాత

సంరక్షణాధికారి పదవి నేటికీ ఉంది. 1922 చట్టం స్థానంలో వచ్చిన 1983 వలస చట్టం కింద హైదరాబాద్‌లో కూడా ఆ కార్యాలయం పనిచేస్తోంది. పదో తరగతి పూర్తిచేయని వ్యక్తి గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే దాని అనుమతి కావాలి.

దేశం లోపలి వలసకు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కార్మికుడికి పాసు పుస్తకం, ప్రయాణ భత్యం, నెల జీతంలో సగానికి తగ్గకుండా స్థానచలన భత్యం ఇందులో ఉండేవి. కానీ కార్మికుడు ఒక రాష్ట్రంలో కాంట్రాక్టరు ద్వారా నియమితుడై మరో రాష్ట్రంలో పనిచేస్తేనే ఇది వర్తించేది. మేస్త్రీ వెంట పుణె వెళ్లిన పాలమూరు కూలీ దీని పరిధిలోకి వచ్చేవాడు. అదే మేస్త్రీ వెంట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మరో ప్రాజెక్టు పనికి వెళితే వచ్చేవాడు కాదు. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు భవన నిర్మాణ పనికి వెళ్లిన ముఠాను తీసుకోండి. 2014 జూన్ 1న వారు ఈ నిర్వచనానికి బయట ఉన్నారు. జూన్ 2న రాష్ట్ర విభజన జరగడంతో, తరువాత అదే పద్ధతిలో వెళ్లిన ముఠా నిర్వచనం లోపలికి వచ్చింది. ఒకప్పుడు రంగూన్ ఓడ ఎక్కినవారు బయలుదేరిన ప్రాంతమే అది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఈ నిర్వచనాన్ని మార్చి, స్వయంగా వచ్చిన కార్మికుడిని కూడా చేర్చింది. అయితే పదిమంది వలస కార్మికులున్న సంస్థలకే అది వర్తిస్తుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించాక లక్షలమంది రోడ్ల మీద నడిచారు. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడు, మరణించిన వలస కార్మికుల వివరాలు తమ వద్ద లేవని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది. అసంఘటిత కార్మికుల నమోదు కోసం ఇ–శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టులో మొదలైంది.

అభ్యాసం

మీ ఊరిలో గాని, బంధువులలో గాని పని కోసం బర్మా, గల్ఫ్, ముంబయి, మరే ప్రాంతానికైనా వెళ్లి వచ్చినవారు లేదా వారి పిల్లలు ఉంటే ఒకరితో మాట్లాడండి. ఎవరు తీసుకెళ్లారు, అడ్వాన్సు ఎంత, కూలి ఎవరి చేతి మీదుగా వచ్చేది, గొడవ వస్తే ఎవరికి చెప్పుకున్నారు అని అడిగి, వారి మాటలలోనే రెండు పేజీలు రాయండి. వారి దగ్గర పాత టిక్కెట్టు, మనియార్డరు రశీదు, ఉత్తరం లాంటిది ఏదైనా ఉంటే దాని వివరాలు రాసుకొని, కాగితాన్ని వారికే జాగ్రత్తగా తిరిగి ఇవ్వండి.